ఎనభై కుర్చీల అంచనా

మా ఊరి హైస్కూల్లో నిత్యజీవిత గణిత వారోత్సవం దిగ్విజయంగా ముగిసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. జరిగింది ఒక్కరోజే. మిగతా ఆరు రోజులూ అంచనా కింద వస్తాయి.

పిల్లలు బతుకులోంచి లెక్కలు నేర్చుకోవాలని పైనుంచి వచ్చిన అధికారిగారు ముప్పావుగంట సెలవిచ్చారు. రెండు నిమిషాలే మాట్లాడతానని మైకు పట్టుకున్నారు. ఇంటి బడ్జెట్ రాయమంటే ఓ ఆరో తరగతి పిల్లాడు బియ్యం, గ్యాసు, నాన్న సాయంత్రాలు అని మూడు పద్దులు రాశాడు. మూడోదాన్ని అధికారిగారు స్వయంగా 'ఇతరములు' అని దిద్దారు.

తరవాత తొమ్మిదో తరగతి కృపారాణిని లేపారు. బడిలో మధ్యాహ్న భోజనం వండే సంపూర్ణమ్మ కూతురు.

"ఒక్కొక్కర్నీ లెక్కపెట్టకుండా సభకి ఎంతమంది వచ్చారో చెప్పు పాపా."

రొయ్యల చెరువులో సరుకెంతుందో మేం చూసేదీ అలాగే. నాలుగు చోట్ల వల విసిరి, పడినవి లెక్కేసి, చెరువంతటికీ కట్టేస్తాం. ఆ పిల్ల ఒక్క వరస చూసింది.

"వరసకి ఎనిమిదండి. పది వరసలండి. ఎనభై మందండి."

తప్పు. బడి కమిటీ చైర్మన్ పెదబాబుగారు అప్పటికే నాలుగొందల బిర్యానీ పొట్లాలకు బిల్లు పెట్టి ఉన్నారు.

"ఏంటి సంపూర్ణా, పిల్లకి లెక్కలు రావట్లేదా?" అన్నారాయన నవ్వుతూనే. "వచ్చే నెల వంటకి నువ్వుంటావో లేదో, అది కూడా అంచనా వేయమను."

నీళ్ళ గ్లాసులు అందిస్తున్న సంపూర్ణమ్మ కూతురి వైపు తిరిగింది. "సరిగ్గా చూసి చెప్పవే రాణీ," అంది.

అధికారిగారు దయతో మరో అవకాశమిచ్చారు. కృపారాణి ఈసారి కుర్చీల వైపు చూడలేదు. గేటు దగ్గర బల్ల మీదున్న హాజరు పుస్తకం తిరగేసి వచ్చింది.

"నాలుగొందలండి."

"భేష్! ఎలా కట్టావు?"

"మనుషులు ఎనభయ్యేనండి. మనిషికి ఐదేసి సంతకాలండి."

మేమంతా ఒళ్ళో ఉన్న పొట్లాల వైపు చూసుకున్నాం. మనిషికి ఒకటే ఉంది.

పిల్లకి గుణకారం బాగా వచ్చిందని అధికారిగారు రిపోర్టు రాసుకుని కారెక్కారు.

నెల తిరక్కుండానే, సంపూర్ణమ్మని వంటలోంచి తీసెయ్యాలని ఊరి తరపున అర్జీ వెళ్ళింది. కింద నాలుగొందల సంతకాలు. పెట్టింది మేం ఎనభై మందిమే.

ఈసారి పొట్లాలు కూడా ఇవ్వలేదు.