కారుమబ్బును ఎక్కడ మొదలుపెట్టాలి?

పుస్తకం చదవడం కన్నా పుస్తకం సిఫార్సు చేయడం గొప్ప పని! ఈ మాట అనడానికి పెద్దపెద్ద వాళ్లే జంకుతున్నారు కాబట్టి ఈ కాలమ్ అంటోంది.

ఆలోచించండి. చదివేవాడు ఏం చేస్తాడు? ఒక మూల కూర్చుంటాడు. పేజీ తిప్పుతాడు, తనలో తనే నవ్వుకుంటాడు, మూసేసి అన్నానికి లేస్తాడు. వాడి వల్ల ఊరికి ఒరిగిందేమిటి? సిఫార్సు చేసేవాడు అలా కాదు. నలుగురిని పోగేస్తాడు, గొంతు పోయేదాకా వాదిస్తాడు. వాడి పేరు చెప్పుకుని టీ బంకు బతుకుతుంది, ఫోన్ రీచార్జి అంగడి బతుకుతుంది, గొంతు మాత్రలమ్మే మందుల షాపు బతుకుతుంది.

ఇందుకు సాక్ష్యం కావాలంటే సోమందేపల్లెలో డ్రిప్పు పైపుల అంగడి నడిపే జయచంద్రను చూడండి. దాచడమెందుకు, ఈ కాలమ్ రాసేదీ ఆయనే. ‘నేను’ అని రాసుకుంటే గొప్పలు చెప్పుకున్నట్టుంటుందని, ‘జయచంద్ర’ అని రాస్తే ఆ గొప్పలు ఇంకెవరో చెప్పినట్టుంటుందని ఆయన ఆలోచన. పాఠకులు దయచేసి సహకరించాలి.

జయచంద్రకు ఒక సూపర్ హీరో ఉన్నాడు. పేరు కారుమబ్బు. నల్లటి అంగవస్త్రం, నీలం ముసుగు, దుష్టుల మీద చేత్తోనే పిడుగులు వేస్తాడు. మన సీమలో తక్కినవాళ్లంతా మబ్బు కోసం ఆకాశం వైపు చూస్తుంటే, జయచంద్ర చిన్నప్పటి నుంచీ బొమ్మల పుస్తకం వైపు చూస్తూ పెరిగాడు. వేరుశనగ ఎండిపోయిన ఏడు కూడా ఆయన మబ్బుకు లోటు రాలేదు.

ఆ పుస్తకాలన్నీ ఇప్పుడు ఇంట్లో స్టీలు బీరువాలో ఉన్నాయి. ఒక్కొక్కటీ ఒక్కో ప్లాస్టిక్ కవరులో, కలరా ఉండల మధ్య, నిద్రపోతున్నాయి. భార్య వనజాక్షి పట్టుచీరలు మాత్రం మంచం కింద రేకుపెట్టెలో ఉంటాయి. చీరకు చెమట తగిలితే ఉతుక్కోవచ్చు, కామిక్ పుస్తకాన్ని ఉతకగలమా? బీరువా తాళంచెవి ఆయన మొలతాడుకే ఉంటుంది.

ఇంత సంపద ఉన్న మనిషికి ఒక్కటే కొరత. ఇంట్లో కారుమబ్బు గురించి మాట్లాడుకునే ప్రాణి లేదు. పెళ్లైన కొత్తలో వనజాక్షి చేతికి తొందరపడి ఏదో మధ్యలో పుస్తకం ఇచ్చాడు. ఆమె రెండు పేజీలు తిప్పి, అంగవస్త్రం చూసి, "ఈ గొడుగాయన ఎవరు?" అని అడిగింది. ఈనాటికీ ఆ ఇంట్లో కారుమబ్బు గొడుగాయనే. మొదటి పుస్తకం తప్పైతే ఒక జీవితకాలం ఏమవుతుందో జయచంద్రకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

అలాంటిది, ఎండాకాలం సెలవులు మొదలైన రోజు, ఏడో తరగతి పూర్తయిన కూతురు ఆశ్రిత వచ్చి అడిగింది.

"నాయనా, కారుమబ్బు బాగుంటాడా? ఏది ముందు చదవాల?"

ఎండిన బోరులో నీళ్లు ఎగదన్నినంత సంతోషమైంది జయచంద్రకు. పాప అక్షరాలు నేర్చుకున్నప్పటి నుంచీ ఈ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నాడు. మామూలు తండ్రయితే ఏం చేసేవాడు? లేచి బీరువా తెరిచి చేతికందిన పుస్తకం ఇచ్చేవాడు. బాధ్యత గల తండ్రి కాబట్టి జయచంద్ర ఫోన్ తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు.

ఆ గ్రూపు పేరు ‘కారుమబ్బు అభిమాన సంఘం’. అందులో నమస్కారాలు పెట్టేవాళ్లు చాలామంది ఉన్నా వాదించేవాళ్లు ముగ్గురే. ఒకరు జయచంద్ర. రెండో ఆమె పద్మప్రియ, పెనుకొండలో లెక్చరర్. మూడో ఆయన మడకశిర చెన్నప్ప, బోర్లు వేసే లారీ ఓనరు. వీళ్లు ప్రతి ఆదివారం సాయంత్రం సోమందేపల్లె హైవే సర్వీసు రోడ్డులో, మిరపకాయ బజ్జీల బండి దగ్గర కలుస్తారు.

మొదటి ఆదివారమే పద్మప్రియ తేల్చి చెప్పింది. "మొదటి సంచిక నుంచి వరసగా చదవాల సార్. లేకుంటే పాపకు పునాది యాడుంటాది?"

"మొదటి సంచికల్లో బొమ్మలు బాగుండవు మేడమ్. కారుమబ్బు గోనెసంచి కప్పుకున్నట్టుంటాడు. పాప రెండో పేజీకే పారిపోతాది," అన్నాడు జయచంద్ర.

"పాతాళ పోరు ఇయ్యప్పా," అన్నాడు చెన్నప్ప. "భూమిలోకి దిగి రాక్షసులతో కొట్లాడతాడు సూడు, అది కత అంటే. కానీ ఒగటి మాత్రం నాకు ఒప్పుదల కాల్యా. కేసింగు పైపు లేకుండా అంత లోతు యట్ల దిగినాడు? మట్టి కూలిపోదా?"

ఆ ఆదివారం మిగిలిన పొద్దంతా కేసింగు పైపుకే పోయింది.

జయచంద్ర ఓటు ‘రెండో మరణం’ కథకు. అందులో కారుమబ్బు పోతాడు. అంతకు ముందూ ఒకసారి పోయాడు, తర్వాతా పోతాడు, కానీ ఆ పోవడం వేరు. అది చదివి ఏడవని వాడు మనిషే కాదని ఆయన నమ్మకం. అయితే రెండో మరణం అర్థం కావాలంటే మొదటి మరణం తెలియాలి. మొదటి మరణానికి తమ్ముడి ద్రోహం తెలియాలి. ఆ తమ్ముడు ఈ లోకపు తమ్ముడు కాదు, ఇంకో లోకంలో ఉన్న ఇంకో కారుమబ్బుకు తమ్ముడు. ఆ లోకం గురించి తెలియాలంటే పాతాళ పోరు చదవాలి. చెన్నప్ప మీసం దువ్వుకున్నాడు.

రెండు వారాలకు గ్రూపు చీలింది. చెన్నప్ప అలిగి వేరే గ్రూపు పెట్టుకున్నాడు. అందులో కొట్లాడ్డానికి ఎవరూ లేక, మర్నాడు జయచంద్రనూ పద్మప్రియనూ చేర్చుకున్నాడు. అప్పటినుంచి ఒకే వాదన రెండు గ్రూపుల్లోనూ నడిచింది. చూశారా, ఉన్న ఒక్క చర్చ రెండైంది! ఏ పంటకైనా ఇంత దిగుబడి ఉందా?

ఇంట్లో ఆశ్రిత రోజూ అడిగేది. "తేలిందా నాయనా?"

"జరుగుతాండాది పాపా. ఇట్లాంటివి తొందరపడితే తేలవు."

"ఏదో ఒగటి తీసియ్యరాదా?" అంది వనజాక్షి చేటతో బియ్యం చెరుగుతూ. "పాప చదువుకుంటాది."

ఏదో ఒకటి! జయచంద్ర ఆ పూట సరిగా అన్నం తినలేదు. గొడుగాయన కథ మళ్లీ మొదలైతే ఎవరు జవాబుదారీ?

అందుకే పాపను కూడా ఆదివారాలు బండి దగ్గరికి తీసుకుపోయాడు. పెద్దల చర్చ చెవిన పడితే రుచి పుడుతుందని ఆశ. పాప ఒక ఆదివారం ఓపిగ్గా నిలబడింది. తర్వాత బండి వెనక్కి వెళ్లి, బజ్జీలు వేసే ఆమె కూతురు రూతు పక్కన బొరుగుల మూట మీద కూర్చుంది. ఇద్దరూ ఒకే వయసు వాళ్లు. ఇంకొన్ని వారాలకు పాప "తేలిందా" అని అడగడం మానేసింది. ఓపిక నేర్చుకుందని జయచంద్ర గ్రూపులో గర్వంగా రాశాడు. రెండు గ్రూపుల్లోనూ.

బడులు తెరిచే ముందు ఆదివారం చర్చ తేలింది. ముగ్గురూ చేతులు కలుపుకున్నారు. ఏ పుస్తకం ముందైనా కొత్తవాళ్లకు అర్థం కాదు కాబట్టి, అన్నిటికన్నా ముందు తామే ఒక పీఠిక రాయాలని నిర్ణయం. చరిత్ర పద్మప్రియ రాస్తుంది, మరణాలు జయచంద్ర రాస్తాడు, భూమి పొరల సంగతి చెన్నప్ప చూసుకుంటాడు. ఇది విన్నాక వనజాక్షి ‘ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం’ అంది కానీ, ఆమె మాట ఇక్కడ అప్రస్తుతం.

జయచంద్ర పాపను పిలిచాడు. చేతికి శనగపిండితో వచ్చింది ఆశ్రిత.

"తేలింది పాపా. ముందు మేం ఒక పీఠిక రాస్తాం. అది చదివినాంక నువ్వు..."

"నేను చదివేసినా గదా నాయనా."

"ఏం చదివినావు?"

"కారుమబ్బు. ఈడనే, బండెనకాల. నేనూ రూతూ."

రూతు మూట కింద నుంచి ఒక పుస్తకం తీసి తెచ్చింది. అట్ట లేదు. నూనె మరకలు. చివర పేజీలు లేవు. "మాయమ్మ పొట్లాలకు పాత పేపర్లు తెస్తాది. దాంట్లో వచ్చినాది," అంది.

ముగ్గురు పెద్దలూ ఆ పుస్తకం మీద వాలారు. పద్మప్రియ రెండు పేజీలు తిప్పేసరికి కళ్లజోడు జారింది. అది ‘రెండో మరణం’. అందులోనూ మొట్టమొదటి ముద్రణ. జయచంద్ర బీరువాలో ఉన్నది తర్వాత వేసినది. ఈ మొదటి ముద్రణ కోసం ఆయన బెంగళూరు ఫుట్‌పాత్‌లన్నీ తిరిగి, దొరకక, అలాంటిది అసలు లేదని గ్రూపులో నిరూపించి కూడా ఉన్నాడు.

"చివర పేజీలు యాడమ్మా?" అడిగాడు జయచంద్ర.

రూతు చెన్నప్ప చేతి వైపు చూసింది. "పోయిన వారం మీకే బజ్జీలు కట్టిచ్చినాది మాయమ్మ. మేం చదవకముందే చింపేసినాది. మీరు సూడల్యా?"

పోయిన వారం ముగ్గురూ వాదించుకున్నది సరిగ్గా ఆ కథ ముగింపు గురించే. తర్వాతి ముద్రణలో అచ్చు చెరిగిన కారుమబ్బు కడసారి మాట ఏమిటన్నది వాదన. ఒకరు అమ్మను తలుచుకున్నాడన్నారు, ఒకరు తమ్ముణ్ణి క్షమించాడన్నారు. ఆ కడసారి మాట అప్పుడు వాళ్ల చేతుల్లోనే ఉంది, మిరపకాయ బజ్జీ కింద. చెన్నప్ప దానితోనే చేతులు తుడుచుకున్నాడు. జయచంద్ర దాన్ని ఉండ చుట్టి మురిక్కాలవలోకి విసిరాడు. కారుమబ్బు గురించి తమకు తెలియనిది లేదనే ముగ్గురిలో ఒక్కరూ ఆ కాగితాన్ని తిప్పి చూడలేదు.

చెన్నప్ప తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు. తర్వాత జయచంద్రకు ప్రాణం లేచొచ్చింది. పాపకు ముగింపు తెలియదు! చెప్పడానికి తాను ఉన్నాడు!

"చివరికేమైందో నేను చెప్తా రా పాపా."

"అక్కర్లే నాయనా. మేమే అనుకున్నాం," అంది ఆశ్రిత. "కారుమబ్బు గుట్టెక్కి, ఆ నల్లగుడ్డ ఇప్పేసి గట్టిగా పిండినాడు. అంతా వాన. గుడ్డ తెల్లగైపోయినాది. ఇంటికి పోతే వాళ్లమ్మ, మంచి గుడ్డ పాడు చేసినావు గదరా అని తిట్టినాది."

"అట్ల లేదు పాపా. అది అసలు కథ కాదు," అంది పద్మప్రియ మెల్లగా.

చెన్నప్ప మాత్రం పిల్లల వైపే చూస్తున్నాడు. "ఆ వానకు పదునైనాదా? విత్తనం ఏసుకోవచ్చునా?" అని అడిగాడు.

"ఏసుకోవచ్చు మామా. బాగా పదునైనాది," అంది రూతు.

"అట్లయితే సరిపాయ," అన్నాడు చెన్నప్ప. కేసింగు పైపు సంగతి ఎత్తలేదు.

"ఇంటికి పోదాం రా పాపా," అన్నాడు జయచంద్ర. "బీరువాలో మంచి కాపీ ఉండాది. కవరు తీసి నీకే ఇస్తా."

"వద్దులే నాయనా. అవి దాచుకునేటివి గదా."

కోపంగా అనలేదు. అలిగీ అనలేదు. పట్టుచీరల గురించి అన్నట్టే అంది. అందుకే జయచంద్ర చేయి మొలతాడు తాళంచెవి మీదే ఆగిపోయింది. పాపకు రెండేళ్లప్పుడు జ్వరం వస్తే కూడా ఆయన అంత నిస్సహాయంగా నిలబడలేదు.

ఇప్పుడు మీరనవచ్చు, చర్చ వల్ల నష్టపోయాడు కదా అని. తప్పు! చర్చే లేకపోతే పాప బీరువాలోని పుస్తకం చదివి ఉండేది, కారుమబ్బు చచ్చి ఉండేవాడు. చర్చ పుణ్యమా అని బతికాడు, వాన కూడా కురిసింది. పైగా పాపకు స్నేహితురాలు దొరికింది. ఏ చర్చా ఇంత మేలు చేయలేదు.

ఈ ఆదివారం జయచంద్ర బీరువా తెరిచాడు. బ్లేడుతో ఒక కవరు కోశాడు. కలరా ఉండల వాసనకు వనజాక్షి వంటింట్లోంచి తొంగిచూసింది. "గొడుగాయన బయటికొచ్చినాడే," అంది. ఆయన పుస్తకం చంకలో పెట్టుకుని సర్వీసు రోడ్డుకు నడిచాడు. చెమట తగిలింది. తగలనిచ్చాడు.

బండి వెనక పిల్లలిద్దరూ ఇంకేదో అట్టలేని పుస్తకంలో తలలు దూర్చి ఉన్నారు.

"నన్నూ కూచోనిస్తారా పాపా? పుస్తకం తెచ్చినా."

ఆశ్రిత రూతు వైపు చూసింది. రూతు ఆశ్రిత వైపు చూసింది.

"ఉండు నాయనా. మేమిద్దరం మాట్లాడుకుని చెప్తాం. ఇట్లాంటివి తొందరపడితే తేలవు."

బండికి ఇటువైపు జయచంద్ర నిలబడ్డాడు. ఒక చేతిలో పుస్తకం, ఇంకో చేతిలో బజ్జీ. ఇప్పుడాయన తినే ముందు కాగితం తిప్పి చూస్తున్నాడు. చర్చ గొప్పదే, ఈ కాలమ్ ఆ మాట మీదే ఉంది. కాకపోతే పొద్దు గుంకేలోగా తేల్చేస్తే బాగుండునని మాత్రం నాకనిపిస్తోంది.