స్పెయిను తిత్తిలో కోరంగి మేక

"నేరస్థులు భూమ్మీద ఎక్కడ పుట్టినా, వాళ్ళని పట్టేవాడు మాత్రం కోరంగిలోనే పుట్టాడు. వాడు నీ ఎదురుగా నిలబడున్నాడు, చూసుకో," అని ప్రకటించాడు యెహెజ్కేలు పంతులు. అప్పటికి ఆయన ఎడమకాలి చెప్పు కుడికాలికుంది.

చూసుకోవలసినవాడు ఆయన బావమరిది ఆశీర్వాదం. పంతులు మిషను బడిలో మూడో తరగతికి పాఠాలు చెబుతాడు. ఆశీర్వాదం ఓడలు బాగుచేసే రేవులో గుమాస్తా. "మీ బావగారు ఒంటిమీద దెబ్బ లేకుండా ఇంటికొస్తే చాలురా," అని అక్క ప్రసన్నకుమారి బతిమాలడంతో, సెలవు రోజుల్లో బావ వెనకాల తిరిగే ఉద్యోగం కూడా అతనికే పడింది.

పంతులికి ఈ డిటెక్టివు పిచ్చి ఒక ఇంగ్లీషు నవల అంటించింది. మిషను దొరసానిగారు బడికి దానమిచ్చిన పుస్తకం. ఆఖరి ఇరవై పేజీలు చెదలు తినేశాయి. అందుచేత దోషిని ఎలా అనుమానించాలో, ఎలా వెంటాడాలో, అందర్నీ ఒకచోట చేర్చి ఎలా గొంతు సవరించుకోవాలో ఆయనకి క్షుణ్ణంగా తెలుసు. ఆ తరవాత ఏం చెయ్యాలో మాత్రం తెలియదు. ఇప్పటిదాకా పట్టిన కేసులన్నీ గొంతు సవరించుకున్న దగ్గరే ఆగిపోయాయి.

ఇప్పుడు తగిలింది మహాలక్ష్మమ్మ మేకపోతు.

మహాలక్ష్మమ్మ చేపలమ్ముకుని బతికే మనిషి. మొగుణ్ణి సముద్రం తీసుకుపోయింది. పోయినేడు స్పెయిను ఓడొకటి మరమ్మతుకి రేవులోకొస్తే, దాని వడ్రంగి తెరచాప కొయ్య మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఓడ ఆగలేక మనీలా వెళ్ళిపోయింది. పడ్డవాణ్ణి ఆవిడ తన వసారాలో పడుకోబెట్టి, కట్టు కట్టించి, గంజి పోసింది. వాడి పేరు షోవాన్. ఊరి నోట్లో పడి సోవన్న అయ్యాడు. వాడి కాలు నిలిస్తే మేకపోతునిస్తానని ఆవిడ ముత్యాలమ్మకి మొక్కుకుంది. కాలు నిలిచింది. ఆదివారం జాతర. గురువారం మేకపోతు మాయమైంది.

అక్కడికి అది ఇల్లిల్లూ తిరిగి వెతుక్కోవలసిన మేకే. పంతులు దాన్ని ఘోర హత్య కేసుగా మార్చేశాడు. "ఆ తెల్లవాడి దగ్గర ఒక తోలుసంచీ ఉంది. గురువారం మధ్యాహ్నం అందులోంచి మేక చావుకేక నా చెవులారా విన్నాను. ఇది పరమ రహస్యం," అని నాలుగు వీధుల్లోనూ గడపగడపకీ చెప్పొచ్చాడు. రహస్యం కులపెద్ద పల్లంరాజు దాకా పోయింది. శనివారం పొద్దు వాలేలోగా మేక దొరక్కపోతే తెల్లవాడు ఊరు విడిచిపోవాలి, అమ్మవారి సొమ్ము తిన్నవాడికి అన్నం పెట్టిన ఇంటికి నిప్పూ నీళ్ళూ పుట్టవు అని ఆయన తీర్పు చెప్పాడు. మహాలక్ష్మమ్మ ఆ పూట నుంచి అన్నం ముట్టలేదు.

శనివారం ఉదయం పంతులు సాక్ష్యాలకి బయల్దేరాడు, వెనకాల ఆశీర్వాదం.

మహాలక్ష్మమ్మ అరుగు మీద ఇత్తడి పళ్ళెం. నీళ్ళలో మరువం, తులసి, నిమ్మగడ్డి తేలుతున్నాయి. పంతులు మూడడుగులు వెనక్కి గెంతాడు.

"చేతబడి. దాటకు ఆశీర్వాదం, కాళ్ళు పడిపోతాయి."

"అదేం లేదండి పంతులుగారూ," అంది మహాలక్ష్మమ్మ. "ఇయ్యాళ సోవన్నోళ్ళ దేశంలో యోహానుగారి పండగంటండి. ఆకులేసిన నీళ్ళు రాత్రంతా మంచులో పెట్టి, పొద్దున్నే మొహం కడుక్కుంటే ఏడాదంతా జబ్బు రాదంట. నేనూ కడుక్కున్నానండి. నిన్న దీపాలవేళ పెరట్లో మంటేసి, ఆ కుంటికాలితోనే మూడుసార్లు దూకాడు."

"మంట దూకాడా? రాసుకో. సాక్ష్యం తగలెట్టడానికే."

"మావాళ్ళు గుండం తొక్కుతారు కదండి. అదీ సాక్ష్యమేనా?"

ఆశీర్వాదం రాసుకోలేదు. సోవన్న కుంటుకుంటూ బయటికొచ్చాడు. ఎర్ర గడ్డం, మెళ్ళో తాడుకి ఒక సముద్రపు చిప్ప. తెలుగు మహాలక్ష్మమ్మ దగ్గరే నేర్చాడు కాబట్టి అండీలకి లోటులేదు.

"నీది స్పెయినే కదా?" అని విచారణ మొదలెట్టాడు పంతులు.

"స్పెయిన్లో ఏ మూలండి?"

"ప్రశ్నలు నావి. మీ దేశంలో ఎద్దుల్తో పోట్లాడతారు. అవునా?"

"మీరు కోళ్ళకి కత్తులు కట్టరాండి?"

"మెళ్ళో ఆ చిప్ప ఏ ముఠా గుర్తు?"

"మీవాళ్ళు కాశీ నుంచి గంగనీళ్ళు ఎందుకు తెస్తారండి?"

పంతులు చెమట తుడుచుకున్నాడు. నవల్లో దోషులందరూ అడిగినదానికి బుద్ధిగా జవాబిచ్చారు. ఆశీర్వాదానికి నవ్వొచ్చింది, దగ్గుగా మార్చుకున్నాడు.

"నువ్వు దేనికీ తిన్నగా చెప్పవా?"

"ఎందుకు చెప్పనండి?" అని సోవన్న నవ్వాడు. "మాది గలీసియా అండి. ఎద్దులూ, ఎండా స్పెయిన్లో వేరే చోట్లండి. మాకు ఏడాదంతా వానే. క్యాబేజీ పులుసు తాగుతాం, చేపలు పడతాం. ఈ చిప్ప మా దేశంలో యాత్ర చేసినవాళ్ళ గుర్తండి. గలీసియావాడు మెట్ల మీద కనబడితే, ఎక్కుతున్నాడో దిగుతున్నాడో తెలీదని మిగతావాళ్ళు నవ్వుతారండి."

"మెట్లు," అన్నాడు పంతులు కళ్ళు చికిలించి. "అది కూడా రాసుకో."

మెట్లు నిజంగానే ఉన్నాయి, పెరట్లో. గంజి పోసిన ఇంటికి ఊరికే ఉండలేక సోవన్న తమ ఊరి పద్ధతిలో ఒక ధాన్యపు గది కట్టాడు. ఆరు స్తంభాల మీద తాటిపలకల గది. ఎలకలు పాకకుండా ప్రతి స్తంభం నెత్తినా అరిగిపోయిన తిరగలి రాయి. మెట్లు కూడా గడప దాకా పోవు, మూరెడు ఖాళీ వదిలేస్తాయి. ఎలక దూకలేదు. పంతులు దాన్నొకసారి చూసి, "పావురాల గూడు," అని తేల్చేసి వసారాలోకి పోయాడు.

మధ్యాహ్నానికి పల్లంరాజు నలుగురు పెద్దల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. భోజనం కాగానే స్పెయినంతా కునుకు తీస్తుందని సోవన్న చెబితే కోరంగి ఆశ్చర్యపోలేదు, తనూ అదే చేస్తుంది గనక. ఆ కునుకు పోయిన కోపంతో ఉన్నాడు పల్లంరాజు.

వసారా మంచం మీద సోవన్న తోలుసంచీ ఉంది, ఎర్ర గుడ్డ తొడుగుతో. చమురు రాసి, గాలి నింపి, ఎండబెట్టి తెచ్చాడు. దానికి మూడు కొయ్య గొట్టాలు.

పంతులు గొంతు సవరించుకున్నాడు.

"పెద్దలారా. ఇది సంచీ కాదు, సమాధి. మహాలక్ష్మమ్మ మేక ఈ సంచీలోనే ఉంది. వలిచి, కుట్టి, పైన గుడ్డ కప్పాడు."

"బావా, ఆ తోలు మా తాత కన్నా ముసలిది," అన్నాడు ఆశీర్వాదం.

"అది మా తాతదండి," అన్నాడు సోవన్న. "ఊదుకునే వాయిద్యం. ఆ రోజు మీరు విన్నది మా ఊరి పాట."

"పాటా? పాడితే అలా ఉంటుందా? అయితే దోషి ఎవరంటే..."

ఇక్కడికి పుస్తకం అయిపోయింది. పంతులు కళ్ళు మూసి, చెయ్యి పైకెత్తి, ఏదైనా తట్టకపోతుందా అని ఒకడుగు వెనక్కి వేశాడు. మంచం కోడు కాలికి తగిలింది. మొత్తం మనిషీ వెల్లకిలా సంచీ మీద పడ్డాడు.

మూడు గొట్టాలూ ఒక్కసారే గోలపెట్టాయి. పల్లంరాజు చేతికర్ర జారిపోయింది. తోలు పర్రున చిరిగి, గోల ఆగింది.

ఆ నిశ్శబ్దంలో పెరట్లోంచి, పైనుంచి, "మ్మే..." అని జవాబొచ్చింది.

అందరూ పెరట్లోకి పరిగెత్తారు. ఆశీర్వాదం మెట్లెక్కి గడియ తీశాడు. ధాన్యం రాశి మీద మేకపోతు కాళ్ళు ముడుచుకుని, కడుపు ఉబ్బి, దవడ ఆడిస్తూ కూర్చునుంది. మూరెడు ఖాళీ ఎలక దూకలేదు గానీ మేక దూకుతుందని గలీసియాలో ఎవరూ ఆలోచించినట్టు లేదు.

"అయ్యో నా తల్లీ," అని మహాలక్ష్మమ్మ నోరు నొక్కుకుంది. "గురువారం తలుపు తెరిచుంటే నేనే గడియేశానండి, లోపలికి చూడకుండా. కడుపు నిండింది కాబోలు, అరవలేదు సచ్చినోడు." అని అక్కడే కూలబడి ఏడ్చింది. పల్లంరాజు కర్ర ఏరుకుని, తను వచ్చింది మేకని చూసిపోదామనే అన్నట్టు దాని వీపు నిమిరి, వెళ్ళిపోయాడు.

వసారాలో సోవన్న చిరిగిన తోలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. "ఇది ఊదితే మా ఊళ్ళో వాన పడుతున్నట్టుండేదండి," అన్నాడు. ప్రశ్నా, వేళాకోళమూ లేకుండా వాడన్న మాట ఆశీర్వాదం వినడం అదే మొదటిసారి. పంతులు వంగి, కింద పడ్డ ఎర్ర గుడ్డ తొడుగు దులిపి మడతపెట్టాడు.

మర్నాడు జాతరలో మేకపోతు అమ్మవారిదైంది. దాని తోలు డప్పుకి పోవలసింది. మహాలక్ష్మమ్మ పోనివ్వలేదు. "ఎవరి కాలి కోసం మొక్కానో ఆడికే," అంది. వీధినాటకాల్లో తిత్తి ఊదే బుల్లియ్య తన తిత్తికి చేసినట్టే తోలు పదును చేసి, సోవన్న గొట్టాలకి బిగించి ఇచ్చాడు.

పది రోజులకి వసారాలో మళ్ళీ పాట లేచింది. బుల్లియ్య పక్కన కూర్చుని శ్రుతి పట్టాడు. మహాలక్ష్మమ్మ చేపలు కడుగుతూ తలూపింది. పంతులు చెవి రిక్కించి, బావమరిది భుజం గట్టిగా చరిచాడు.

"విన్నావా ఆశీర్వాదం? మొదట్లోనే చెప్పానా లేదా, మేక సంచీలోనే ఉందని? ఏం సోవన్నా, ఇప్పుడైనా ఒప్పుకుంటావా?"

సోవన్న ఊదడం ఆపి, గడ్డం గోక్కున్నాడు.

"ఒప్పుకోక ఏం చేస్తానండి? మరి, పాత తోలు చింపి దాన్ని లోపల పెట్టించిందెవరండి?"

చెదలు తిన్న ఇరవై పేజీల్లోనూ ఏముండేదో ఆశీర్వాదానికి అప్పుడు అర్థమైంది. బావని చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోయాడు.