బడి మూత

మునిసిపల్ ఆఫీసు గుమాస్తా ఆ పొద్దున పెట్టుకున్న పని ఒకే ఒక్కటి, బడికి మూత చేయించడం. బడి వెనక ఆవరణలో నేలలోకి కట్టిన నీళ్ళ ట్యాంకు ఒకటుంది. దాని ఇనప మూత తుప్పు పట్టి, చిల్లులు పడి, మొన్నీమధ్యే ఒక మూల విరిగి నీళ్ళలోకి పోయింది. ప్రస్తుతానికి పాత బెంచీ ఒకటి దానిమీద బోర్లించి పెట్టారు. ఆటల పీరియడ్‌లో పిల్లలు ఆ బెంచీ ఎక్కి గెంతుతున్నారు. హెడ్మిస్ట్రెస్ ఈ సంగతి ఆఫీసుకి చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి, చివరికి ఇంట్లో చెప్పడం మొదలుపెట్టింది. ఆవిడ గుమాస్తా భార్యే.

"ఇవాళైనా ఆ బడి మూత సంగతి తేలుస్తారా, మళ్ళీ రేపటికి నెడతారా?" అందావిడ, సంచీలో కళ్ళజోడు వెతుక్కుంటూ.

"నెట్టడమేంటి? సాయంత్రం నువ్వు ఇంటికొచ్చేసరికి బడి మూత ఖాయం. రాసిపెట్టుకో."

"మీరు ఖాయం అన్నప్పుడల్లా నాకు కాళ్ళలో వణుకొస్తుందండీ."

నిజానికి ఆ ఇంట్లో వణుకంతా గుమాస్తా సొత్తు. గ్యాసు కట్టేశానో లేదో అని సగం దారిలోంచి వెనక్కొచ్చే మనిషి ఆయన. పక్కగదిలో ఎవరు దగ్గినా తనమీదే అనుకుంటాడు. అయితే ఈ ఏడాది ఆయన భయానికి ఒక అర్థం ఉంది. ఊరు పెరుగుతోంది, ఎటు చూసినా కొత్త అపార్టుమెంట్లే. మన జనాభా రెట్టింపైందని చైర్మన్ గారు ప్రతి సభలోనూ, అదంతా తన చలవే అన్నట్టు చెప్పుకుంటారు. ఆ పెరిగిన జనాభా మాత్రం పొద్దున్నే పిల్లల్ని బస్సులెక్కించి హైవే అవతలి పెద్ద బడికి పంపించేస్తోంది. మునిసిపల్ బడిలో పిల్లలు వందకి తగ్గితే దాన్ని మూసేసి ఇంకో బడిలో కలిపేయాలని రూలు. ఇప్పుడు వందకి పైన ఉన్నవాళ్ళని ఒక్క ఆటోలో ఎక్కించవచ్చు. బడి పోతే భార్యకి ఎక్కడికో బదిలీ అవుతుందన్నది ఆయన చిన్న భయం. బడి పోయాక ఆవిడ ముఖం చూడాల్సి వస్తుందన్నది పెద్ద భయం. ఆవిడ అక్షరాలు దిద్దుకున్నది కూడా ఆ బడిలోనే.

ఆఫీసుకి రాగానే గుమాస్తా వెల్డింగు షాపుకి ఫోను చేశాడు. అవతల మిషను చెవులు చిల్లులు పడేలా గీపెడుతోంది. షాపతనికి సగం మాటలు వినిపించవు, మిగతా సగం అర్థం కావు. అందుకని గుమాస్తా కౌంటరు దగ్గర నిలబడి ఆఫీసు కప్పెగిరిపోయేలా అరవాల్సి వచ్చింది.

"హలో! ఆఫీసు నుంచి! బడి మూత గురించి!... మూత! మూ... త!... ఆఁ, సోమవారానికల్లా పడిపోవాలి!"

అవతల ఏదో అన్నారు.

"లేదయ్యా, ఇంక మరమ్మతులతో లాభం లేదు! చూస్తే ఏముంది, మొత్తం తుప్పు! పీకి అవతల పారేయడమే!... పిల్లలా? వాళ్ళ కోసమేగా ఈ మూత!... హెడ్మిస్ట్రెస్‌కి తెలియకపోవడమేంటి? ఆవిడే పట్టుబట్టి వేయిస్తోంది!... ఆఁ, పైన తాళం కూడా! తాళం పడితేగానీ నాకు నిద్రపట్టదు!"

కౌంటరుకి ఇవతల వ్యాను డ్రైవరు నిలబడి ఉన్నాడు. రోజూ ఇళ్ళ దగ్గర పిల్లల్ని ఎక్కించుకుని ఆ బడికి చేరవేసేది అతనే. గేటు పక్కన వ్యాను ఆపుకోవడానికి అనుమతి అడుగుదామని వచ్చాడు. తాళం దాకా విన్నాక అడగడానికి ఏమీ మిగల్లేదనిపించింది.

"ఏం బాబూ, ఏం పని?" అన్నాడు గుమాస్తా ఫోను పెట్టేసి.

"ఇంకేం పనండీ" అన్నాడు డ్రైవరు. "అంతా మీరే తేల్చేశారుగా."

గుమాస్తాకి అది పొగడ్తలా వినిపించింది. నిజమే, చాలాకాలానికి ఒక పని తేల్చాననుకుని టీ తెప్పించుకున్నాడు. ఆయన టీ తాగుతుండగానే, వ్యాను రోజూ ఏయే గుమ్మాల ముందు ఆగుతుందో ఆ గుమ్మాలన్నిటికీ కబురు చేరిపోయింది.

మొదటి ఫోను ఒక తల్లి నుంచి వచ్చింది.

"ఏవండీ, బడి మూత నిజమేనా?"

"నూటికి నూరుపాళ్ళూ నిజమమ్మా. సోమవారమే."

"అమ్మో! అంత తొందరగానా?"

గుమాస్తాకి ఒళ్ళు పులకరించింది. ఆఫీసు పని తొందరగా అవుతోందని ఆయన సర్వీసులో ఎవరూ అనలేదు.

"తొందరేంటమ్మా, ఇప్పటికే చాలా ఆలస్యమైంది. ఎప్పుడో వేయాల్సిన మూత."

"మరి మా పిల్లలో?"

"మీ పిల్లల గురించి ఇంక మీరు బెంగపెట్టుకోనక్కర్లేదు. హాయిగా ఉండండి."

అవతల ఫోను ఠపీమని పెట్టేసిన చప్పుడైంది. పాపం, సంతోషంతో మాట రాలేదేమో అనుకున్నాడు గుమాస్తా. ఆ తర్వాత ఒక తాతగారు చేశారు.

"ఏమయ్యా, బడి మూతకి చైర్మన్ గారు ఒప్పుకున్నారా?"

"ఇంత చిన్న విషయానికి ఆయనదాకా ఎందుకండీ?"

"చిన్న విషయమా!"

"కాకపోతే ఏముందండీ? ఒక పూట పని. ఇద్దరు మనుషులు, ఒక తోపుడు బండి వస్తే అయిపోతుంది."

తాతగారు ఒక మాట అన్నారు. పెద్దవాళ్ళ నోట వినదగిన మాట కాదది. గుమాస్తాకి మొదటిసారి ఎక్కడో చురుక్కుమంది. ట్యాంకు మూత మీద జనానికి ఇంత పట్టింపు ఎప్పటినుంచని ఆలోచనలో పడ్డాడు. అంతలో భార్య ఫోను చేసింది.

"ఏవండీ! బడి మూసేస్తున్నామని ఊరంతా చెప్పారా మీరు?"

"ఛ ఛ! నేనెందుకు చెప్తాను? నేను బడి మూత..."

నాలుక అక్కడే ఆగిపోయింది. పొద్దుటినుంచి అన్న మాటలన్నీ ఒక్కొక్కటే వెనక్కొచ్చి ఆయన ముందు నిలబడ్డాయి. వాటి వెంట తోపుడు బండి కూడా వచ్చింది.

"ఇక్కడ గేటుదాకా లైను ఉంది" అంటోంది ఆవిడ. "అందరికీ టీసీలు కావాలట. చోటు అయిపోకముందే పెద్ద బడిలో చేర్చుకోవాలట. చెప్తే ఒక్కరూ నమ్మట్లేదు. మీ ఆయనే చెప్పాడమ్మా అంటున్నారు. ఇవాళ ఈ టీసీలు ఇచ్చానంటే సోమవారానికి నిజంగానే..." ఆవిడ మాట పూర్తి చేయలేదు. ఆవిడ గొంతు వణకడం గుమాస్తా పెళ్ళయ్యాక ఎన్నడూ వినలేదు.

"ఇవ్వకు! స్టాంపు పోయిందని చెప్పు! పెన్ను దాచెయ్!"

"పెన్ను దాస్తే బడి నిలబడుతుందా? ముందు మీరు చేసింది మీరే సరిదిద్దండి!"

గుమాస్తా బయటికి ఉరికాడు. ఆఫీసు వెనక మైకు కట్టిన ఆటో కనబడింది. నీళ్ళు రాని రోజున ఆ సంగతి వీధుల్లో చాటడానికి పెట్టిన ఆటో అది. పరుగెత్తి ఎక్కి కూర్చుని, మైకు రెండు చేతులా పట్టుకున్నాడు.

"మహాజనులకు విజ్ఞప్తి! బడి మూత పడుతోందన్న వార్త పచ్చి అబద్ధం! మూత పడేది నీళ్ళ ట్యాంకుకి మాత్రమే! దయచేసి ఎవరూ కంగారు పడవద్దు!"

ప్రకటనలో తప్పేమీ లేదు. తప్పంతా మైకు తీగలో ఉంది. అది వదులైపోయి, ఆటో గుంతలో పడ్డప్పుడల్లా గొంతు నొక్కేసినట్టు ఆగిపోతుంది. రోడ్లేమో గుమాస్తా ఆఫీసువాళ్ళు వేసినవి. "అన్న వార్త పచ్చి అబద్ధం" ఒక గుంతలో పోయింది. "కి మాత్రమే" ఇంకో గుంతలో, "ఎవరూ" దాని పక్క గుంతలో పోయాయి. "వద్దు" అన్నది మలుపు దగ్గరి పెద్ద గుంతలో పోయింది. ఇళ్ళలో ఉన్నవాళ్ళకి వినబడింది ఇంతే: "బడి మూత పడుతోంది... మూత పడేది నీళ్ళ ట్యాంకు... దయచేసి కంగారు పడ..."

మునిసిపాలిటీ చెప్పిన మాట జనం అంత శ్రద్ధగా పాటించడం అదే మొదలు. అందరూ ఒక్కసారిగా కంగారు పడ్డారు. బకెట్లు, బిందెలు, స్నానాల తొట్లు, చివరికి పూలకుండీలు కూడా కొళాయిల కిందికి చేరాయి. ఊరంతా ఒకేసారి కొళాయిలు తిప్పేసరికి పెద్ద ట్యాంకు అడుగంటి, గాలి ఒక్కటే బుస్సుమంటూ వచ్చింది.

"చూశారా, అప్పుడే కట్టేశారు!" అన్నారెవరో.

ఇంకేముంది! జనం ఖాళీ బకెట్లు పట్టుకుని రోడ్డెక్కారు. మైకు చెప్పినవాడినే అడుగుదామని ఆటో వెనకాలే నడిచారు. గుమాస్తా ఒకసారి వెనక్కి తిరిగి చూసి, అందరూ శాంతించి తనకి కృతజ్ఞత చెప్పడానికి వస్తున్నారేమోనని చెయ్యి ఊపాడు. ముందువరసలోంచి ఒక బకెట్టు ఆటో మీదికి వచ్చింది.

"ఆఫీసుకి పోనీ! తొందరగా!" అన్నాడు ఆటో నడిపే అతనితో.

ఆఫీసు మెట్లెక్కుతుండగానే చైర్మన్ గారు ఆయన చెయ్యి పట్టుకుని మీటింగు గదిలోకి లాగి తలుపు వేశారు. లోపల కౌన్సిల్ సభ్యులంతా ఉన్నారు. అందరి ముఖాల్లోనూ నెత్తురు చుక్క లేదు. గుమాస్తాకి ఉద్యోగం కళ్ళముందే వెళ్ళిపోతున్నట్టు కనబడింది. ఉద్యోగం పోతే పోయింది, బడి ఏమవుతుందన్నదే ఆయన బాధ.

"సార్, తప్పంతా నాదే. నేను..."

"తప్పు సంగతి తర్వాత" అన్నారు చైర్మన్ గారు గొంతు తగ్గించి. "నీకెవరు చెప్పారు? అది చెప్పు ముందు."

"ఏది సార్?"

"నటించకయ్యా! తలుపులు మూసుకుని ఇప్పుడే కదా మాట్లాడుకుంటున్నాం, ఆ బడిని తీసుకెళ్ళి ఇంకో బడిలో కలిపేసి, ఆ జాగాలో షాపింగ్ కాంప్లెక్సు కడదామని! తీర్మానం కూడా రాసుకోలేదు. నువ్వు అప్పుడే మైకు పెట్టి వీధుల్లో చాటేశావు!"

"తీర్మానం సోమవారం అని కూడా తెలుసు సార్ ఈయనకి" అన్నాడు ఒక సభ్యుడు భయంభయంగా.

గుమాస్తా నోరు తెరిచాడు. ఏ మాటా రాలేదు. రాకపోవడం ఆయన చేసుకున్న అదృష్టం. బయట జనం తలుపు బాదుతున్నారు. భార్య గొంతులో విన్న వణుకు ఆయన చెవుల్లో ఇంకా అలాగే ఉంది. జన్మలో మొదటిసారి ఆయనకి భయం కంటే కోపం ముందు వచ్చింది. తన తెలివితక్కువతనం వల్ల ఊరంతా పడ్డ కంగారు, వీళ్ళ తెలివి వల్ల నిజం కాబోయిందన్నమాట!

"బయట అంతమంది ఉన్నారు సార్. ఏం చెప్తారు?" అన్నాడు.

"నువ్వే చెప్పవయ్యా, నీకే అన్నీ తెలుసుగా!"

"ఆ బడి వెనక నీళ్ళ ట్యాంకుకి మూత వేయిస్తున్నాం సార్. బడి మూత అంటే ఆ మూతేనని చెప్పండి."

గదిలో అందరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. చైర్మన్ గారు గుమాస్తాని కిందినుంచి పైదాకా కొత్తగా చూశారు.

"ఔరా! నిలబడ్డపళంగా ఎంత అబద్ధం అల్లేశావయ్యా! నీళ్ళ ట్యాంకు కూడా అందులోనే కలిసిపోయింది!"

"అబద్ధం కాదు సార్, అది..."

"సరే సరే, నా దగ్గర కూడానా?"

చైర్మన్ గారు బయటికొచ్చి ఆటో మీదికెక్కారు. తాను పెంచిన జనాభాని అంత దగ్గరగా, అందులోనూ బకెట్లతో చూడటం ఆయనకి అదే మొదటిసారి. మైకు అందుకుని, మూత బడిది కాదనీ ట్యాంకుదనీ, పెద్ద ట్యాంకులోకి కాసేపట్లో నీళ్ళు ఎక్కుతాయనీ, తన ఊపిరి ఉన్నంతకాలం ఆ బడి మూతపడదనీ చెప్పారు. ఆటో ఆగి ఉండటం వల్ల ఒక్క మాట కూడా పోలేదు. జనం చప్పట్లు కొట్టారు.

అంతలో టీసీల లైను మొత్తాన్ని వెంటబెట్టుకుని హెడ్మిస్ట్రెస్ వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ గొంతు మాత్రం మళ్ళీ తరగతి గదిలో గొంతే.

"బడి ఉండాలనుకునేవాళ్ళంతా చేతులెత్తండి!"

ఒక్కళ్ళు తప్పకుండా ఎత్తారు.

"మీ పిల్లల్ని మా బడికి పంపేవాళ్ళు మాత్రం ఎత్తి ఉంచండి."

టీసీల లైనులోవాళ్ళవి తప్ప మిగతా చేతులన్నీ ఒక్కొక్కటే కిందికి దిగాయి. ఒకాయన తల గోక్కోవడానికి ఎత్తినట్టు సర్దుకున్నాడు.

"అదన్నమాట సంగతి. మీరు పంపని బడి మీ కోసం ఎలా ఉంటుంది? సోమవారం రండి, పిల్లల్ని తీసుకుని. చైర్మన్ గారూ, మీ మనవడు హైవే అవతలికి వెళ్తున్నాడు కదూ?"

అందరూ చైర్మన్ గారి వైపు తిరిగారు. మైకు ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

"వస్తాడమ్మా" అన్నారాయన. ఆ మాట నాలుగు వీధులకీ వినబడింది.

సోమవారం బడి గేటు దగ్గర మళ్ళీ లైను కట్టారు. ఈసారి చేర్పించడానికి. అందరికంటే ముందు చైర్మన్ గారి మనవడు ఏడుస్తూ నిలబడ్డాడు. వెనక ఆవరణలో వెల్డింగు షాపతను మూత బిగించి తాళం వేసి పోయాడు గానీ, ఆ గోలలో అతన్ని ఎవరూ చూడలేదు. ఆ సాయంత్రం హెడ్మిస్ట్రెస్ ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడి, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని కాసేపు ఏడ్చింది. సంతోషంతో ఏడ్చే మనిషిని ఏమని ఓదార్చాలో తెలియక గుమాస్తా పక్కనే నిలబడిపోయాడు.

"నిజం చెప్పండి. వాళ్ళు మూసేద్దామనుకుంటున్నట్టు మీకు ముందే తెలుసా?"

తెలుసు అందామనుకున్నాడు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చూసేసరికి మానేశాడు.

"నాకు మూత సంగతే తెలుసే" అన్నాడు. ఆవిడ పకపకా నవ్వింది.

ఆఫీసులో మాత్రం ఇప్పుడు గుమాస్తా గదిలోకి రాగానే సభ్యులు మాటలు ఆపేస్తారు. చైర్మన్ గారు లేచి కుర్చీ చూపిస్తారు. మహా లోతైన మనిషని ఊరంతా పేరు మోగిపోయింది. ఆ పేరు ఆయన ఇంటికి మాత్రం ఇంకా చేరలేదు.