కీళ్ళకోపన్యాసం

ఆ ఆదివారానికి ప్రమీలారాణి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి ఇడ్లీ, తొమ్మిదింటికి బస్టాండులో గురువుగారికి ఎదురు వెళ్ళడం, పదింటికి ఆయన ఉపన్యాసం. అది అయ్యేసరికి హాల్లో ఊళ్ళోవాళ్ళు కనీసం యాభైమంది ఉండాలి. వచ్చిన చిక్కల్లా ఆ చివరి అంశం దగ్గరే.

ఆవిడ తిరువూరు కాలేజీలో ఇరవై రెండేళ్ళుగా తెలుగు లెక్చరరు. పెళ్ళి శుభలేఖ చేతికిచ్చినా ముందు అచ్చుతప్పులు దిద్ది, ఆ తర్వాతే ముహూర్తం ఎప్పుడో చూసే మనిషి. హ్యాండ్‌బ్యాగులో ఎర్రపెన్ను లేనిదే గడప దాటదు. 'ఊరితో కాలేజీ' అనే ఈ ఉపన్యాసాలు ఆవిడ పట్టుబట్టి మొదలుపెట్టించినవే. చిన్నప్పుడు వాళ్ళ నాన్న సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని ఇదే కాలేజీ మైదానానికి తీసుకొచ్చేవాడు. ఎవరో పెద్దాయన మాట్లాడుతుంటే ఊరు ఊరంతా చాపలు పరుచుకుని వినేది. వేరుశనక్కాయలు వలిచే చప్పుడు కూడా మైకులో పడేది. ఆ మాటల్లో తనకి అర్థమైంది తక్కువే అయినా, ఆ సాయంత్రాలని ప్రమీలారాణి ఇప్పటికీ మర్చిపోలేదు.

ఇప్పుడు మాత్రం చాపలూ లేవు, జనమూ లేరు. మొదటి ఉపన్యాసానికి ఊళ్ళోంచి నలుగురు వచ్చారు. రెండోదానికి ఇద్దరు. మూడోదానికి వచ్చిన ఒకే ఒక్కాయన, విజయవాడ బస్సు ఆలస్యమైందనీ, ఫ్యాను కింద కూర్చుందామని వచ్చాననీ నిజాయితీగా ఒప్పుకున్నాడు. దాంతో కాలేజీ కరస్పాండెంటు బసవపున్నయ్యగారు ఆవిడని పిలిపించారు.

"చూడమ్మా, ఈసారి యాభైమందన్నా రాకపోతే ఆపేద్దాం. ఆదివారాలు ఆ హాలు కావాలని కోచింగువాళ్ళు అడుగుతున్నారు."

అందుకని ఆవిడ ఈసారి తన గురువుగారినే రప్పిస్తోంది. డాక్టర్ వెంకటకృష్ణారావుగారు ఈ కాలేజీలోనే చరిత్ర చెప్పి రిటైరై విజయవాడలో ఉంటున్నారు. పాత తిరువూరు సంగతులు ఆయన నోటే వినాలి. అలాంటి మనిషి వస్తుంటే 'ప్రసంగం' అని రాయడం ఆవిడకి చిన్నతనంగా తోచింది. 'కీలకోపన్యాసం' అని రాసి, 'మీ దగ్గరున్న పాత ఫొటోలు వెంట తెచ్చుకోండి' అని కలిపి, అడుగున తన ఫోన్ నంబరు వేసి, ఆ కాగితాన్ని మైకు ఆటో ఏసోబు చేతికిచ్చింది.

శుక్రవారం ఏసోబు ఫోన్ చేశాడు. "మేడం, మీరు రాసినదాంట్లో ఒక అక్షరం తప్పు పడిందండి. నేనే సరిచేసి రికార్డు చేశాను."

ప్రమీలారాణి రాతలో తప్పు! ఆవిడకి చెంప మీద కొట్టినట్టయింది. ఏ అక్షరమో అడిగేలోపు అతను ఫోన్ పెట్టేశాడు. ఆటో రెండు రోజులు తిరువూరు వీధులన్నీ చుట్టి, విస్సన్నపేట దాకా ఒకసారి, నెమలి దాకా ఒకసారి వెళ్ళొచ్చింది. కాలేజీవాళ్ళకి తెలిసిన సంగతే కదా అని కాలేజీ వైపు మాత్రం రాలేదు.

ఆదివారం ఇడ్లీ పాత్ర దించకముందే ఫోన్ మోగింది.

"కాలేజీ మేడంగారేనా? నా పేరు వెంకాయమ్మండి. పెద్దాయన దగ్గరికి ఖాళీ కడుపుతో రావాలా, తినేసి రావచ్చా?"

ఉపవాసం ఉండి ఉపన్యాసం వినేంత భక్తి ఊళ్ళో ఇంకా మిగిలి ఉందా అని ప్రమీలారాణి మురిసిపోయింది. "తినేసే రండమ్మా. ఇక్కడ టీ, బిస్కెట్లే ఉంటాయి."

"ఫొటోలు రెండున్నాయండి. నిలబెట్టి తీసిందొకటి, పడుకోబెట్టి తీసిందొకటి. ఏది తెమ్మంటారు?"

పడుకోబెట్టి తీసిందంటే ఉయ్యాలలో ఉన్నప్పటిదేమో అనుకుంది ఆవిడ. "రెండూ తెండి. చిన్నప్పటిదైతే మరీ మంచిది."

"చిన్నప్పుడు నాకు ఈ బాధ లేదండి" అని వెంకాయమ్మ ఫోన్ పెట్టేసింది. ప్రమీలారాణికి ఇడ్లీలు వడ్డించే హడావుడిలో ఆ మాట చెవికెక్కలేదు.

గురువుగారిని బస్టాండు నుంచి తీసుకొచ్చేసరికి కాలేజీ గేటు ముందు షేర్ ఆటోలు బారులు తీరి ఉన్నాయి. పెద్దవాళ్ళు ఒకరి భుజం ఒకరు పట్టుకుని దిగుతున్నారు. చీటీలేవి అని జనం అడుగుతుంటే, క్రమశిక్షణకి మంచిదే కదా అని అటెండరు ఇమ్మాన్యుయేల్ పాత ప్రశ్నపత్రాలు ముక్కలు చేసి, వెనకవైపు నంబర్లు వేసి పంచుతున్నాడు. బసవపున్నయ్యగారు ఇస్త్రీ చొక్కాలో మెట్ల మీద నిలబడి అందరికీ నమస్కారాలు పెడుతున్నారు.

"డాక్టరుగారు అందర్నీ చూస్తారా అండి?" అని ఒకాయన అడిగాడు.

"ఒక్కొక్కర్నీ చూసే వెళ్తారు" అన్నారు బసవపున్నయ్యగారు ఉత్సాహంగా.

"సూదిమందేమైనా వేస్తారా?"

"ఆయన మాటే సూదిమందు" అని ఆయన నవ్వారు. ఆ మాట వెనక వరస దాకా పాకి, నొప్పి తెలియకుండా సూది వేసే పెద్ద డాక్టరు వచ్చాడన్న వార్తగా తేలింది.

హాల్లోకి అడుగుపెట్టిన ప్రమీలారాణికి కళ్ళు చెమర్చాయి. కుర్చీలు చాలక జనం గోడవారన కూర్చున్నారు. అచ్చం చిన్నప్పటి మైదానంలాగే ఉంది. ఇంతలో ముందు వరసలో ఒకాయన తను తెచ్చిన పాత ఫొటోని ట్యూబులైటుకి ఎదురుగా ఎత్తి పట్టుకున్నాడు. అందులో రెండు ఎముకలు, మధ్యలో ఒక మోకాటి చిప్ప కనిపించాయి. అతని పక్కాయన ఫొటోలోనూ అవే. అప్పుడు బయట ఆటోలోంచి ఏసోబు గొంతు ఖంగుమని వినిపించింది. "డాక్టర్ వెంకటకృష్ణారావుగారి కీళ్ళకోపన్యాసం!"

ఆవిడ బయటికి పరిగెత్తింది. ఏసోబు వినయంగా ఆటో దిగాడు. "మీరు కీలక అని రాశారు మేడం. ళ్ళ రాయబోయి ల రాసినట్టున్నారు. కీళ్ళకో ఉపన్యాసం కదండి."

వ్యాకరణ ప్రకారం అతన్ని తప్పుపట్టడానికి ఆవిడకి ఏమీ దొరకలేదు.

బసవపున్నయ్యగారు ఎదురొచ్చారు. "మూడొందలమందమ్మా! నీ ఇష్టమొచ్చినన్ని ఆదివారాలు ఈ హాలు నీదే."

నోరు మూసుకుంటే ఉపన్యాసాలు దక్కుతాయి. ఆవిడ ఆశపడింది కూడా. కానీ గుమ్మం దగ్గర ఒక ముసలావిడ ఎక్స్‌రే కవర్లు రెండు గుండెకి హత్తుకుని, "తినేసే వచ్చానండి మేడం" అంది. ఇక ఆవిడకి మనసొప్పలేదు. తిన్నగా వెళ్ళి మైకు అందుకుంది.

"మా గురువుగారు డాక్టరే కానీ, మందులిచ్చే డాక్టరు కాదండి. చరిత్ర డాక్టరు. తప్పు నాది. చిన్న మాటతో సరిపోయేచోట పెద్ద మాట రాశాను. ఇంత శ్రమపడి వచ్చారు, క్షమించండి."

అందరూ లేవబోయారు. కానీ వచ్చినవాళ్ళంతా కీళ్ళనొప్పులవాళ్ళు. చెయ్యి ఆనించి, నడుము నిలబెట్టి, అమ్మా అని ఒక మూలుగు మూలిగి లేవడానికి ఒక్కొక్కరికీ రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాల్లో వెంకటకృష్ణారావుగారు కర్ర ఊతంగా మైకు దగ్గరికి చేరుకున్నారు.

"కూర్చున్నవాళ్ళు కూర్చోండి. లేవడం ఎంత కష్టమో నాకు తెలుసు. నావీ అరిగిన మోకాళ్ళే. మందు నా దగ్గర లేదు గానీ, ఆ నొప్పి ఎట్లా మొదలైందో చెప్పండి, వింటాను. డాక్టర్లు అది అడగడం మానేశారు."

ఎవరూ కదల్లేదు. ముందు వరసాయన గొంతు సవరించుకుని, టూరింగు టాకీసులో మొదటాట టికెట్టు కోసం గోడ దూకిన కథ చెప్పాడు. ఇంకొకాయనది మామిడికాయల లారీ మీంచి పడ్డ మోకాలు. ఒకావిడది పత్తి చేలో వంగీ వంగీ అరిగిన నడుము. ఏ ఏడాది, ఏ వీధి, ఎవరి తోట అని గురువుగారు అడిగి అడిగి బోర్డు మీద రాస్తుంటే, ఆ టాకీసు ఎక్కడుండేదో, దాని ముందు బజ్జీలు ఎవరు వేసేవాళ్ళో చెప్పడానికి నలుగురైదుగురు పోటీపడ్డారు. బజ్జీల పేరు వినగానే ప్రమీలారాణికి వాళ్ళ నాన్న చేతిలోని నూనె పొట్లం వాసన తగిలినట్టయింది.

వెంకాయమ్మ వంతు వచ్చింది. "నాదా? ఈ హాలు పునాదికి రాళ్ళు మోసినప్పటిదండి. నిండు నెలల్తో మోశాను. కట్టాక లోపలికి రావడం ఇదే మొదలు." ఆవిడ తలెత్తి పైకప్పుని పరీక్షగా చూసింది. "బాగానే నిలబడిందండి. నేనే నిలబడలేకపోతన్నా."

కొందరు నవ్వారు. ప్రమీలారాణి నవ్వలేకపోయింది. ఇరవై రెండేళ్ళుగా ఊరిని లోపలికి పిలవాలని ఆవిడ తాపత్రయం. ఊరు పునాదిలోనే ఉందని ఇన్నాళ్ళూ తోచనందుకు సిగ్గేసింది. బసవపున్నయ్యగారు లేచి, ఇమ్మాన్యుయేల్ చేతిలోని పళ్ళెం తీసుకుని, మొదటి టీ తనే తీసుకెళ్ళి వెంకాయమ్మకి ఇచ్చారు.

పదకొండున్నరకి అయిపోవాల్సింది ఒంటిగంట దాటింది. చివర్లో గురువుగారు వేదిక మెట్లు దిగలేక ఆగిపోతే, వెంకాయమ్మ ఆయన్ని అక్కడే కూర్చోబెట్టి, సంచీలోంచి కర్పూరం వేసి కాచిన నువ్వులనూనె సీసా తీసి రెండు మోకాళ్ళకీ మర్దనా చేసింది. డాక్టరుగారు ఎవరనే గొడవ అంతటితో తేలిపోయింది.

మర్నాడు బసవపున్నయ్యగారు హాలు గుమ్మానికి కొత్త బోర్డు పెట్టించారు. అందులో రాయాల్సిన మాట పెయింటరు ఏసోబుని అడిగి తెలుసుకున్నాడట. 'ప్రతి నెలా మొదటి అదివారం ఉదయం పదింటికి కీళ్ళకోపన్యాసం. అందరూ రావాలి' అని పెద్ద అక్షరాలతో ఉంది. ప్రమీలారాణి దాని ముందు చాలాసేపు నిలబడి, హ్యాండ్‌బ్యాగులోంచి ఎర్రపెన్ను తీసి, 'అదివారం' కొట్టేసి 'ఆదివారం' అని దిద్దింది. వేరే తప్పేమీ ఆవిడకి కనపడలేదు.