మామగారి కారులో మూడు నల్ల వైర్లు

ఆదివారం పొద్దున కాఫీ కప్పు కింద పెట్టీ పెట్టకముందే అల్లుడు ఒక నిర్ణయానికి వచ్చేశాడు. రెండు రోజులుగా మామగారి కారు తమ ఇంటి ముందే ఉంది. పది గంటలకు ఆయన వచ్చి తీసుకెళ్తారు. ఈలోగా అందులో వేలాడే వైర్లన్నీ కంటికి కనపడకుండా దాచెయ్యాలి. రోడ్డును వీడియో తీసే కెమెరాకి ఒకటి, ఫోనుకి ఒకటి, బుల్లి ఫ్యానుకి ఒకటి. మూడూ నలుపే. గేరు మార్చబోతే చేతికి చుట్టుకుంటాయి.

అసలు బాధ వైర్లది కాదు. "మా అల్లుడు బల్బు మార్చాలన్నా మనిషిని పిలుస్తాడు" అని మామగారు మొన్న నలుగురిలో అన్నారు. నలుగురూ నవ్వారు. అందులో కట్టుకున్న భార్య కూడా ఉంది.

"ఏమండీ, ఈ పనికి మెకానిక్ ఉన్నాడుగా?"

"నువ్వు కూడా మొదలెట్టావా?"

అతను చెంచా పట్టుకుని కారెక్కాడు. కెమెరా ముందు అద్దానికి రబ్బరు బిళ్ళతో అతుక్కుని ఉంది. దాని వైరును కారు కప్పు అంచులోకి చెంచా కాడతో నొక్కుకుంటూ పోతే వెన్నలో వేలు దిగినట్టు దిగింది. డ్రైవరు పక్కన సీటుబెల్టు బయటికొచ్చే చోట మాత్రం మొండికేసింది. తోస్తే మడతపడుతోంది, లాగితే మొత్తం ఊడివస్తోంది.

"లంగాకి బొందు ఎక్కించడం ఎప్పుడైనా చూశారా?" అంటూ ఇల్లాలు దారం, పిన్నీసు తెచ్చింది. దారానికి పిన్నీసు కట్టి సందులోంచి కిందికి జారవిడిచారు. పై కొసకి అతను వైరు కట్టాడు, కింద ఆవిడ లాగింది. దారి దొరికింది కదా అని మిగతా రెండింటినీ అందులోకే పంపారు.

"వచ్చిందా?"

"వచ్చింది."

"ఏది?"

"నల్లది."

"మూడూ నల్లవేనే తల్లీ!"

"ఆ ముక్క లాగకముందు చెప్పాలి."

అక్కణ్ణుంచి అంతా అయోమయం. కెమెరాదనుకుని గుచ్చితే ఫ్యాను తిరిగింది. ఫ్యానుదనుకుని గుచ్చితే ఫోను వెలిగింది. ఆవిడ కింద ఒకటి లాగితే పైన అతని చేతిలోది మాయమైంది. అటు తిప్పి, ఇటు దూర్చి, చివరికి మూడూ పనిచేశాయి. ఎలా చేశాయో ఇద్దరికీ తెలియదు. ఇక ముట్టుకోకూడదని మాత్రం ఇద్దరికీ తెలుసు.

మామగారు వచ్చి సీట్లో కూర్చుని అటూ ఇటూ వెతికారు. "వైర్లేవీ? పీకేశావా?"

"దాచాను మామగారూ. నేనే."

"నువ్వా?" అని కూతురి వైపు చూసి, అనుమానంగా బెల్టు లాగారు. రాలేదు. గట్టిగా లాగారు. బెల్టు వచ్చింది. దాంతోపాటు లోపల ఎక్కడో చుట్టుకున్న వైరు బిగిసింది. కెమెరా అద్దం మీంచి టప్పున ఊడి, సరిగ్గా ఆయన ఒళ్ళో పడింది.

మామగారు కెమెరాను తిప్పి చూశారు. దాని కన్ను నిండా దుమ్ము. చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ అద్దానికి అతికించారు. బెల్టు వదిలి, మళ్ళీ లాగారు. మళ్ళీ ఒళ్ళో పడింది.

"ఓరి నీ తెలివి తగలెయ్య! దీన్ని తుడవడం రోజూ మర్చిపోతున్నాను. బెల్టు పెట్టుకోబోతే అదే చేతికొచ్చేలా బిగించావా?"

అల్లుడు నోరు తెరిచాడు. ఇల్లాలు అతని కాలు తొక్కింది.

"రాత్రంతా ఆలోచించారు నాన్నా" అంది.

సాయంత్రానికి, ఆయన గొప్పగా చెప్పింది విని, మామగారి వాకింగు మిత్రులు ముగ్గురు మూడు కార్లతో గేటు ముందు నిలబడ్డారు. "మా వాటికీ అచ్చం అలాగే కావాలి బాబూ" అన్నారు.

"ఏది ఎటు తిప్పారో గుర్తుందా?" ఇల్లాలు గుసగుసగా అడిగింది.

"నువ్వేది లాగావో నీకు గుర్తుందా?"

తప్పు ఒకసారి చెయ్యడం ఎవరికైనా చేతనవుతుంది, అదే తప్పు అచ్చుగుద్దినట్టు మళ్ళీ చెయ్యడానికే పనితనం కావాలి.