పెళ్ళిచూపుల్లో ఇరవై ఏడు శాతం

కంప్యూటర్ తనంతట తాను అప్‌గ్రేడ్ అయిపోతోందని తిట్టేవాళ్ళు వట్టి కృతఘ్నులు! పిలవకుండా వచ్చి, పైసా పుచ్చుకోకుండా, బతిమాలినా ఆగకుండా మన బాగు కోరే ప్రాణి ఈ కాలంలో ఇంకోటుందా?

నమ్మరా? అయితే కువైట్‌లో, అబూ హలీఫాలో ఉండే ఉదయ్‌కుమార్ సంగతి వినండి. కోనసీమ కుర్రాడు, మిర్కాబ్‌లో ఒక ఆఫీసులో స్టోర్‌కీపర్. రెండేళ్ళకోసారి దొరికే సెలవులో పిల్లని వెతికే తీరికెక్కడిది? అందుకని పెళ్ళిచూపులు కంప్యూటర్‌లోనే పెట్టుకున్నాడు. శుక్రవారం పొద్దున ఏడున్నరకి. అంటే ఇండియాలో పది. పదిన్నరకి రాహుకాలం!

పిల్ల తండ్రి భీమరాజు ముందే చెప్పేశాడు. "రాహుకాలం వచ్చేత్తే ఇంక చూపుల్లేవండి. మద్దేనం వేరే సంబంధంవోళ్ళు వత్తన్నారు."

ఏడుంపావుకల్లా ఉదయ్‌కుమార్ పైన ఇస్త్రీ చొక్కా, కింద లుంగీతో కెమెరా ముందు కూర్చున్నాడు. కొత్త వెర్షన్ సిద్ధంగా ఉందంటూ తెర మీద ఒక పెట్టె వచ్చింది. మూలనున్న ఇంటూ గుర్తు నొక్కాడు. ఇంటూ అంటే వద్దని కదా? కంప్యూటర్ మాత్రం కుర్రాడు సిగ్గుపడుతున్నాడనుకుని పని మొదలెట్టేసింది.

తెరంతా నీలం. పన్నెండు శాతం. దయచేసి ఆపవద్దు.

"బాబాయ్! ఇదేదో మొదలెట్టేసిందండీ!"

రూమ్మేట్ కుక్కుటేశ్వరరావు వంటింట్లోంచి గరిటెతో పరిగెత్తుకొచ్చాడు. "వైరు పీకెయ్‌రా!"

"పీకితే చచ్చిపోద్దంట బాబాయ్!"

"యల్లా యల్లా, పద పదమన్నా కదలదేంట్రా! దీనికన్నా మా అరబ్బు యజమాని, ఆ కఫీలే నయం."

ఇద్దరివీ బటన్ల ఫోన్లే. వేరే దారి లేదు. ఇరవై ఏడు దగ్గర అది ఎంతసేపు నిలబడిపోయిందంటే, అంతసేపట్లో పెళ్ళి, బారసాల అయ్యి, పిల్లాడు ఎల్‌కేజీలో చేరిపోవచ్చు. కుక్కుటేశ్వరరావు మానిటర్‌కి అగరబత్తి వెలిగించాడు. భక్తి పెరిగిందా లేదా!

ఎనిమిదికి పది నిమిషాలుందనగా ఫోన్ మోగింది. భీమరాజు.

"ఏంటండీ, కనబడరు?"

"అప్‌గ్రేడ్ అవుతోందండి."

"జీతవాండీ?"

"కంప్యూటరండి! నా కంప్యూటర్ అండి! ఇష్టమేనా అని నన్నొక్క మాటైనా అడగొద్దాండీ?"

ఫోన్ చేతులు మారినట్టుంది. సన్నటి గొంతు వినబడింది.

"నేను సత్యదుర్గనండి. కంప్యూటరు అడగలేదనే ఇంత గింజుకుంటన్నారు. తెల్లారగట్లే లేపి పట్టుచీర కట్టి కూచోబెట్టారు, నన్నెవరడిగారండి?"

వెనకాల భీమరాజు దగ్గాడు.

చూశారా అప్‌గ్రేడ్ మహిమ! తెర మీద బొమ్మ వచ్చుంటే ఆ పిల్ల తలొంచుకుని కూర్చునేది, ఈ కుర్రాడు జడ చూసి సరేననేవాడు. గొంతు ఎలా ఉంటుందో పెళ్ళయ్యాకే తెలిసేది!

ఉదయ్‌కుమార్ లుంగీ సర్దుకున్నాడు. "నేనడుగుతున్నానండి. నేనంటే మీకిష్టమేనా?"

"ఆలోచించుకుని చెప్తానండి. ఆదివారం ఫోన్ చెయ్యండి. అందాకా ఎవర్నీ రావద్దని నాన్నకి చెప్తాను."

ఉదయ్‌కుమార్ మొహం చేటంతయింది.

"ఏవందిరా?" అన్నాడు కుక్కుటేశ్వరరావు.

"ఆలోచించుకుని చెప్తానందండి!"

ఆయన ముప్ఫై ఒక్క శాతం వైపు చూసి నిట్టూర్చాడు.

"అదృష్టవంతురాలురా. ఆ మాట చెప్పడానికి మనకి బటనే పెట్టలేదు చూడు!"