గుడియాత్తంలో సెల్లుకు జపాను కషాయం

జపాను కషాయం సెల్లును చంపుతుందని లోకంలో మొట్టమొదట రుజువు చేసింది మా గుడియాత్తం. వేలూరు పరిశోధనశాలలో పెద్ద చదువుల డాక్టర్లు గాజుబుడ్లలో ప్రాణమున్న కణాలను పెంచి, జపాను మూలికల కషాయం చుక్కచుక్కగా పోసి చూస్తున్న రోజులవి. వాళ్ళకంటే ఒక అడుగు ముందున్నవాడు మా బజారులో నాటుమందుల అంగడి చంద్రశేఖరం.

ఆంధ్ర రాష్ట్రం వేరుపడ్డ ఏడాది. చిత్తూరు అటు పోయింది, మేము ఇటు మద్రాసు వైపే మిగిలాము. చంద్రశేఖరం ఇంట్లో మాట తెలుగే గానీ, ఆయన చదువుకున్నది తమిళ బడిలో. తాత రాసిన తాటాకు పుస్తకం ఒకటి పెట్టెలో ఉంది. అక్షరాలు తెలుగు. అరవై ఏళ్ళు వచ్చినా అందులో ఏముందో ఆయనకు తెలియదు, చదివి చెప్పేవాడూ దొరకలేదు. ఆ మధ్య రాజమండ్రి నుంచి రామానుజం అనే డాక్టరు వేలూరు పరిశోధనశాలకు వచ్చాడు. తమిళం ఒక్క ముక్క రాదు, తెలుగు మాత్రం గడగడా చదువుతాడు. అక్కడ బుడ్లు కడిగే నటేశన్, చంద్రశేఖరానికి బావమరిది, పుస్తకం చదివిపెట్టమని ఆ డాక్టరును ఒప్పించాడు.

ఆదివారం పొద్దున తలంటుకుని, పుస్తకాన్ని పట్టుగుడ్డలో చుట్టి, మొదటి బస్సుకు వేలూరు పోవాలని చంద్రశేఖరం ఏర్పాటు. పెట్టె మూత తీశాడు. లోపలంతా చెదలు. పై ఆకుల అంచులు అప్పుడే మట్టయ్యాయి. మనిషి పెట్టె ముందు అట్లాగే కూలబడ్డాడు.

తోడు వచ్చిన నటేశన్ తొంగి చూశాడు.

"సెల్లా బావా? దీనికా ఏడస్తావు! మా డాక్టరు సెల్లుకే కదా మందు కనిపెడతా ఉండాడు. జపాను కషాయం పోస్తే సెల్లు సచ్చిపోతాది."

మా వైపు చెదలను సెల్లు అంటారు. కణాన్ని డాక్టర్లు సెల్ అంటారని నటేశన్‌కు ఎవరూ చెప్పలేదు.

"యాడుండాది రా ఆ సెల్లు?" అంది నటేశన్ అక్క, చంద్రశేఖరం పెళ్ళాం కస్తూరమ్మ.

"గాజుబుడ్లలో పెంచుతారు అక్కా. మేత కూడా పెడతారు."

"సెల్లును పెంచేదానికి సర్కారు జీతమా! మా ఇంటికి రమ్మను, ఊరికే ఇస్తాం."

నటేశన్ వేలూరు పోయి మధ్యాహ్నానికి ఒక కషాయం బుడ్డితో తిరిగివచ్చాడు. పెట్టె చుట్టూ, గోడల వెంబడీ పోశారు. ఈలోగా కబురు పాకింది. వీధిలో చెదలు లేని ఇల్లేది? చెంబులతో వరస కట్టారు. కాదనలేక కస్తూరమ్మ, చుట్టాలొచ్చినప్పుడు చారు పెంచినట్టు, నీళ్ళు కలిపి అందరికీ పోసింది.

సోమవారం డాక్టరు బుడ్డి కోసం వెతికాడు.

"గుడియాత్తంలో పోసినాం సార్. మా బావకు సెల్లు జాస్తి."

సెల్లు జాస్తి అంటే కణాలు పెరిగే రాచపుండు, క్యాన్సరు అనుకున్నాడు డాక్టరు. "ఎంత ఇచ్చారయ్యా?"

"బుడ్డి మొత్తం సార్. వీధంతా పంచినాం."

"వీధంతానా! ఫలితం?"

"పొద్దుగూకేలోపల చిన్నా పెద్దా అంతా క్లోజ్ సార్!" అన్నాడు నటేశన్, మెచ్చుకుంటాడని చేతులు కట్టుకుని.

ఎవరైనా బతికి మిగిలారేమోనని డాక్టరు కడుపు కడిగే రబ్బరు గొట్టం చంకన పెట్టుకుని దొరికిన బస్సెక్కాడు. గుడియాత్తంలో దిగి, దారి అడిగి, అంగడి ముందు నిలబడ్డ చంద్రశేఖరం గడ్డం పట్టుకుని, "నోరు తెరవండి!" అన్నాడు.

"పుస్తకం చదివేదానికి నా నోరెందుకు సార్?"

"ఆయనకేమి నాయనా, గుండురాయి మాదిరి ఉండాడు. సచ్చింది సెల్లు," అంటూ కస్తూరమ్మ అంగడి వెనక ఇంటి గోడ చూపించింది.

"చెదలా!" అన్నాడు డాక్టరు. గొట్టం కింద పడింది. జేబులోంచి భూతద్దం తీసి గోడ దగ్గర వంగాడు. ఎర్రచీమలు బారులు తీరి చెదలను మోసుకుపోతున్నాయి. "ఈ కషాయంలో అతిమధురం ఉందండీ. తీపికి చీమలొచ్చాయి, చీమలు చెదలను పట్టాయి. మందు గొప్పేమీ లేదు." మొదట్లో నేను కొట్టిన గొప్పా ఇక్కడితో సరి.

అంచులు పోయినా పుస్తకంలో రాత మిగిలింది. డాక్టరు గుడ్డతో తుడిచి మొదటి ఆకు కూడబలుక్కున్నాడు. "'ఎన్ పేరన్ పడిక్కట్టుమ్.' ఇదేం మూలికండీ? నాకు అర్థం కావడం లేదు."

చంద్రశేఖరం ఆకును చేతిలోకి తీసుకున్నాడు.

"మూలిక కాదు సార్. నేను చదివేది అరవ బడి అని అరవంలో రాసినాడు మా తాత, తనకొచ్చిన తెలుగక్షరాలతో. 'నా మనవడు చదవనీ' అని."

ఆ రోజంతా ఇద్దరూ అరుగు మీదే కూర్చున్నారు. చదివేవాడికి అర్థం కాదు, అర్థమయ్యేవాడికి చదవడం రాదు. ఒకరు చదివారు, ఒకరు చెప్పారు. చివరి ఆకు అయ్యాక డాక్టరు లేవబోతే, చంద్రశేఖరం పలకా బలపం తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు.

"ఆ మొదటి అక్షరం ఒకతూరి రాసి చూపించండి సార్."

ఈ కథలో నేను కల్పించింది చీమలనూ, వాటి గురించి డాక్టరన్న మాటనూ, అంతే. చెదలు ఎందుకు చచ్చాయో డాక్టరుకూ తెలియలేదు, నాకూ తెలియదు.